మా చెరువు జాబితాలో కాకిని కూడా రాయాలి

ఫిబ్రవరి నడిమి వారంలో వరుసగా ఏడు రోజులు తిరుపతి చుట్టుపక్కల పక్షుల కోసం తిరిగాను. శుక్రవారం నుంచి సోమవారం వరకు ప్రపంచమంతటా ఒకేసారి జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు రోజులు. వాటిని ఆనుకొని మా బృందం మరో మూడు రోజులు కార్యక్రమాలు పెట్టుకుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక నడక, శ్రీవారి మెట్టు దగ్గర కొండ అంచున ఒక నడక, నేలపట్టు చెరువుకూ పులికాట్ సరస్సుకూ ప్రయాణం, ఊరి శివారు చెరువు దగ్గర ఒక ఉదయం, ఒక కళాశాలలో ప్రసంగాలు, పిల్లలకు బొమ్మల పోటీ, చివరి రోజున మళ్లీ అదే చెరువు. వీటిలో మొదటి మూడింటికి జనం బాగా వచ్చారు. చివరిదానికి నాతో కలిపి ముగ్గురమే ఉన్నాం. నాకు ఎక్కువగా తెలిసివచ్చింది ఆ చివరి ఉదయమే.

తిరిగి వచ్చి నా నోటుపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదువుకున్న తర్వాత ఒక అభిప్రాయం గట్టిపడింది. పక్షుల వారం పేరుతో మనం చేస్తున్న దూర ప్రయాణాలను సగానికి తగ్గించుకొని, ఆ డబ్బును, తీరికను, ఓపికను ఇంటికి దగ్గరలో ఉన్న ఒకే ఒక్క చెరువుకు ఏడాది పొడవునా ఇవ్వాలి. అక్కడ అరుదైన పక్షి కోసం వెతకడంతో సరిపెట్టుకోకుండా కాకిని, గోరువంకను, కొంగను కూడా అంకెలతో సహా రాసిపెట్టాలి. ఈ మాట బృందంలో అన్నప్పుడు ఇద్దరు ముగ్గురు మిత్రులు నొచ్చుకున్నారు. వాళ్లు ఎంత శ్రమపడి ఈ కార్యక్రమాలను నడిపిస్తున్నారో నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బస్సు మాట్లాడి, పిల్లలందరికీ పొంగలి పొట్లాలు కట్టించి తెచ్చేవాళ్లు వాళ్లే. అందుకే నా కారణాలను తీరిగ్గా, వివరంగా రాయాలనుకున్నాను.

మొదట ఈ లెక్క ఎలా చేస్తారో చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి గాని నడుస్తూ గాని పక్షులను గమనించి, కనిపించినవాటిలోనూ వినిపించినవాటిలోనూ గుర్తుపట్టగలిగిన ప్రతి రకాన్నీ, అది ఎన్ని ఉందో అంకెతో సహా రాయాలి. ఎంతసేపు చూశామో, ఎంత దూరం నడిచామో కూడా రాయాలి. ఇలా ఏ రకాన్నీ విడిచిపెట్టకుండా రాసినదాన్ని పూర్తి జాబితా అంటారు. పూర్తి జాబితాలో ఒక పక్షి పేరు లేదంటే ఆ పూట అది అక్కడ మనకు కనిపించలేదని అర్థం. మనకు నచ్చినవి ఏరి రాసిన జాబితాలో పేరు లేకపోతే దానికి ఏ అర్థమూ ఉండదు. పక్షి లేకనే రాయలేదా, ఉన్నా పట్టించుకోలేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఒకే చోట రాసిన వంద పూర్తి జాబితాల్లో పాలపిట్ట నలభైలో ఉండి, పదేళ్ల తర్వాత అదే చోట రాసిన వందలో ఇరవైలోనే ఉంటే, ఎవరి జ్ఞాపకాన్నీ నమ్ముకోకుండానే పాలపిట్ట తగ్గిందని తేల్చవచ్చు.

పాలపిట్టను ఊరికే ఉదాహరణగా తీసుకోలేదు. 2023 ఆగస్టులో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 రకాల పక్షులను పరిశీలించింది. దానికి ఆధారం ముప్పై వేల మందికి పైగా పక్షి పరిశీలకులు రాసిన దాదాపు మూడు కోట్ల నమోదులు. వాళ్లలో శాస్త్రవేత్తలు కొద్దిమందే. ఎక్కువమంది మనలాంటి ఉద్యోగులు, విద్యార్థులు, ఇల్లాళ్లు. దీర్ఘకాలపు పోకడను తేల్చడానికి సరిపడా సమాచారం దొరికినవి 338 రకాలు కాగా, వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 మాత్రమే పెరిగాయి. పన్నెండేళ్ల వ్యవధిలో 30 శాతానికి పైగా తగ్గిన పక్షుల్లో మన పాలపిట్ట ఒకటి. దసరా నాడు శమీపూజ చేసి పొలాల వెంట వెతుక్కుంటూ వెళ్లి చూసి దణ్ణం పెట్టుకునే పిట్ట, 2018లో రామచిలుకను ఎంచుకునే దాకా ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రపక్షిగా ఉన్న పిట్ట, కరెంటు తీగ మీద కూర్చొని ఉంటే మనం తల కూడా తిప్పకుండా దాటిపోయే పిట్ట. అది తగ్గుతోందని దేశానికి తెలిసింది దాన్ని మామూలు పిట్ట అనుకోకుండా ప్రతిసారీ రాసినవాళ్ల వల్లే.

శుక్రవారం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగినది ఇందుకు నేరుగా వ్యతిరేకం. నడక మొదలైన పది నిమిషాలకే, గోరువంకలను లెక్కపెడుతున్న ఒక డిగ్రీ విద్యార్థిని ఆమె స్నేహితులు ముందుకు తీసుకుపోయారు. చింతచెట్టులో పైడికంటె ఉందని ఎవరో పిలిచారు. పైడికంటె అందమైన చిన్న గుడ్లగూబ, చూడవలసిందే. కాని ఆ అమ్మాయి పుస్తకంలో గోరువంక దగ్గర 14 అని రాసి ఉంది, లెక్క అక్కడితో ఆగిపోయింది. ఆ రోజు మా బృందం పంపిన జాబితాలో గోరువంక దగ్గర అంకె లేదు, ఉన్నట్టు గుర్తు మాత్రమే ఉంది.

శనివారం శ్రీవారి మెట్టు దగ్గర అందరి కోరికా ఒక్కటే, పసుపు గొంతు పిగిలిపిట్ట. దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండని పక్షి అది. శేషాచలం కొండల్లో, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల్లో, కర్ణాటకలో నంది కొండల్లో కనిపిస్తుంది. బండరాళ్ల సందుల్లో పొదలు పెరిగే ఏటవాలు నేలలే దానికి నెలవు; వాటిని క్వారీలు తినేస్తున్నాయి గనుక దాని పేరు ప్రపంచ ముప్పు జాబితాలో చేరింది. దాన్ని చూడాలన్న ఆశను నేను తప్పుపట్టను, నాకూ ఉంది. అయితే గంటసేపు చూసినా అది బయటకు రాకపోయేసరికి ఒకరు ఫోనులో దాని కూతను పెట్టి పొదల వైపు వినిపించడం మొదలుపెట్టారు. ఆ కూత విన్న పక్షి మరొక పిట్ట తన చోటుకు వచ్చిందనుకొని, తిండి మానుకొని, దాన్ని తరమడానికి బయటకు వస్తుంది. దాచుకున్న గూడు ఉంటే దాన్నీ వదిలి వస్తుంది. ఆపమని గట్టిగానే అడిగాను, ఆపారు. పిగిలిపిట్ట ఆ పూట కనిపించలేదు. తిరుగు దారిలో అందరి ముఖాల్లోనూ పొద్దంతా వృథా అయిందన్న దిగులు కనిపించింది. అదే దారిలో తెల్ల కడుపు ఏట్రింతలు ఈగలను గాలిలోనే పట్టుకుంటున్నాయి, ఒక వడ్రంగి పిట్ట ఎండిన కొమ్మను ఒకటే పనిగా కొడుతోంది, అడవికోడి ఎక్కడో లోయలో కూసింది. వాటిని చూస్తూ ఆగినవాళ్లు తక్కువ.

అరుదైనదాని కోసం వెళ్లినవాడికి అది దొరకని రోజు ఖాళీగా తోస్తుంది. పూర్తి జాబితా రాయడానికి వెళ్లినవాడికి ఖాళీ రోజంటూ ఉండదు. ఇందులో నాకు సందేహం లేదు.

ఆదివారం నేలపట్టు గురించి మాత్రం తొందరపడి మాట్లాడలేను. నాయుడుపేట మీదుగా వెళ్లి, ఎనిమిది గంటలకల్లా చెరువు గట్టు ఎక్కేసరికి, నీళ్లలో నిలబడిన కడప చెట్లు తెల్లగా, బరువుగా కనిపించాయి. ప్రతి కొమ్మ మీదా గూడబాతులే. ఫిబ్రవరి నాటికి వాటి పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి; తల్లి వచ్చి వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ, మెడ సాచి, తల మొత్తాన్ని తల్లి గొంతుసంచిలోకి దూర్చి లోపలి చేపను అందుకుంటుంది. ఆ సమయంలో చూస్తే తల్లి పిల్లను మింగుతోందేమో అనిపిస్తుంది. మా బస్సులో వచ్చిన ఏడేళ్ల పాప నిజంగానే భయపడి నా చెయ్యి పట్టుకుంది. పిల్ల తల బయటికి వచ్చాక ఆ పాప ఊపిరి వదలడం నాకు వినిపించింది. గూడబాతులు తమ పిల్లలకు తెచ్చే చేపల్లో ఎక్కువ భాగం ఈ చెరువులోవి కావు. అవి రోజూ పులికాట్‌కు పోయి వేటాడి వస్తాయి. అంటే నేలపట్టు పురిటిల్లు అయితే పులికాట్ వంటిల్లు. రెండింటిలో ఏది చెడినా రెండోది నిలవదు. 1976లో ఇది పక్షుల అభయారణ్యం అయింది. అంతకు ముందు నుంచీ చుట్టుపక్కల రైతులు వీటిని తరమకుండా కాపాడుకుంటూ వచ్చారు, పక్షుల రెట్ట కలిసిన నీరు పారితే మడికి ఎరువు వేయనక్కరలేదని వాళ్ల అనుభవం.

మధ్యాహ్నం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో బస్సు ఆపి, సరస్సులో దూరంగా గులాబి రంగు గీతలా నిలబడిన ఫ్లెమింగోలను చూశాం. పిల్లలు కేకలు వేశారు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మన జిల్లాలోకి వచ్చింది గాని, తిరుపతిలో చాలామందికి ఇది ఇంకా మనదనే ఎరుక లేదు. 2020 తర్వాత ఆగిపోయిన ఫ్లెమింగో పండుగ 2025 జనవరిలో మళ్లీ జరిగినప్పుడు ఎంతోమంది మొదటిసారి వచ్చి చూశారు. పండుగల వల్ల, ఇలాంటి ప్రయాణాల వల్ల జనానికి పక్షుల మీద ప్రేమ కలుగుతుందని నా మిత్రులు అంటారు. నిజమే. నా చెయ్యి పట్టుకున్న ఆ పాప ఈ ఆదివారాన్ని మరిచిపోదు. నేను అడిగేది తర్వాతి సంగతి. ఆ పాప సోమవారం ఉదయం లేచి, ఇంటి దగ్గర ఎక్కడికి వెళ్లి, దేన్ని చూడాలి? నేలపట్టు ఏడాదికి ఒకసారి. నేలపట్టును నిలబెట్టినవాళ్లు ఏడాదికి ఒకసారి వచ్చినవాళ్లు కారు. రోజూ ఆ నీటితో మడి తడుపుకున్నవాళ్లు.

సోమవారం మా చెరువు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది. తిరుపతి శివారులో, వందల ఏళ్ల నాటి కట్ట, ఒక తూము, నిండితే నీరు పొర్లిపోయే ఒక మొరవ, లోపల సగం మేర నల్ల తుమ్మలు, అంచున జమ్ము, ఎగువ వైపు గులకరాళ్ల మెట్ట. కౌంట్‌కు అది చివరి రోజు కావడంతో నలభై మంది దాకా వచ్చారు. కట్ట మీద నుంచి చూస్తే బాగానే ఉండేది. కాని నీటికి ఇంకా దగ్గరగా పోదామని ఎవరో అనడంతో గుంపంతా ఎగువ మెట్ట మీదికి దిగింది. అడ్డు చెప్పవలసిన నేనూ దిగాను. అప్పటి నుంచి ఒక తీతువు మా తలల మీద తిరుగుతూ ఆగకుండా అరుస్తోంది. తీతువు అరుపు అశుభమని పెద్దవాళ్లు అంటారని ఒకరు చెబుతుండగా, మేకలు తోలుకుంటూ వస్తున్న ఒక అవ్వ దూరం నుంచే చెయ్యి ఊపింది.

"అమ్మణ్ణీ, ఆ రాళ్లకాడ నిలబడొద్దు. ఆడ గుడ్లు పెట్టుండాది అది. మీరు ఇంతమంది నిలబడితే గుడ్ల మీదికి రాదు. ఎండెక్కితే ఉడికిపోతాయి."

నా పాదానికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి. అవ్వ వేలు పెట్టి చూపించాక కూడా కాసేపటి దాకా నాకు కనబడలేదు. గూడంటూ ఏమీ లేదు. గులకరాళ్లలో అరచేతి వెడల్పున చిన్న గుంట, దాని చుట్టూ ఏరి పెట్టినట్టున్న చిన్న రాళ్లు, మధ్యలో నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిరిగి, మట్టిరంగు మీద నల్లటి మచ్చలతో. పక్కనున్న రాయికీ గుడ్డుకూ తేడా నునుపులో మాత్రమే తెలుస్తుంది. నలభై మందిమి ఇరవై నిమిషాలుగా ఆ చుట్టుపక్కల తిరుగుతున్నాం. ఒక్క అడుగు అటుగా పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. అందరినీ వెనక్కి తీసుకుపోయాను. మేం కట్ట ఎక్కిన ఏడెనిమిది నిమిషాలకు గాని ఆ పక్షి నేలకు దిగలేదు.

అవ్వకు ఆ గుడ్లు ఎలా తెలిశాయంటే, రోజూ ఆ దారినే వస్తుంది గనుక. మొన్న రెండే ఉన్నాయనీ, నిన్న మూడయ్యాయనీ, మేకలను అటు పోనీయకుండా చుట్టు తిప్పి తోలుతున్నాననీ చెప్పింది. మా నలభై మంది దగ్గరా కలిపి లక్షల విలువ చేసే కెమెరాలు, బైనాక్యులర్లు ఉన్నాయి. ఆ చెరువులో మాకు తెలియనిది, తెలియవలసినది, ఆమెకు తెలిసింది. దీన్నిబట్టే నా ఆలోచన మారింది. పక్షులను తెలుసుకోవడానికి మొదట కావలసింది మళ్లీ మళ్లీ అదే చోటికి రావడం. పరికరాలూ పుస్తకాలూ దాని తర్వాత.

మన చెరువుకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే చిత్తూరు సీమలో చెరువు ఏడాదంతా ఒకే రీతిగా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో నిండుతుంది. నిండు నీళ్లలో నామాల కోళ్లు, మునుగుడు కోళ్లు, చలికాలపు వలస బాతులు ఉంటాయి. నుదుట తెల్లటి నామం ఉన్న నల్లటి పక్షికి నామాల కోడి అన్న పేరు తిరుపతివాళ్లకు వివరించి చెప్పనక్కరలేదు. నీరు తీస్తున్న కొద్దీ అంచున బురద బయటపడుతుంది, అప్పుడు దానిలో ముక్కులు గుచ్చి పురుగులను వెతుక్కునే ఉల్లంకి పిట్టలు దిగుతాయి. వాటిలో కొన్ని సైబీరియా చిత్తడి నేలల్లో పుట్టి ఇక్కడి దాకా వచ్చినవి. చేపలు తక్కువ నీటిలో కిక్కిరిసినప్పుడు కొంగలు, నీటికాకులు గుంపులుగా చేరతాయి. మే నాటికి పగుళ్లిచ్చిన అడుగు నేలపైన భరతపక్షులు తిరుగుతాయి. ఒకే చెరువు నాలుగు రకాల పక్షులకు నాలుగు వేళల్లో ఇల్లవుతుంది. ఫిబ్రవరిలో ఒక్కసారి వచ్చి పోయినవాళ్లు చూసింది అందులో ఒక్క వేళనే.

అంచుల లోతు తక్కువగా ఉండటమే ఈ వరుసకంతా ప్రాణం. దాన్ని గుర్తించకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని నేను కళ్లారా చూశాను. రెండేళ్ల కిందట ఇంకొక చెరువును అందంగా తీర్చిదిద్దే పని మొదలైంది; అంచులన్నీ నిట్టనిలువుగా తవ్వి, రాతి పేర్పు కట్టి, నడక దారి వేశారు. పని సగంలో ఉండగా మేం నలుగురం వెళ్లి సంబంధిత అధికారిని కలిశాం. ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఇక్కడ ఏ పక్షులు, ఎన్ని, ఏ నెలల్లో ఉంటాయో కాగితం చూపించండి, పై వాళ్లకు పంపుతానన్నారు. మా దగ్గర ఉన్నవి తొమ్మిది ఫోటోలు. అందులో ఆరు, ఒక శీతకాలంలో దారితప్పి వచ్చి రెండు రోజులు మాత్రమే ఉన్న ఒకే ఒక్క పక్షివి. ఏటేటా అక్కడ కనిపించిన నామాల కోళ్ల గురించి, ఉల్లంకుల గురించి, ప్రతి సాయంత్రం జమ్ములో వాలే వానకోయిలల గురించి మా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. పదేళ్లుగా వారం వారం ఆ కట్ట మీద తిరిగినవాళ్లం మేమే. ఇప్పుడు అక్కడ నీరు లోతుగా, శుభ్రంగా ఉంది, ఉల్లంకులు లేవు. అవి మునుపు ఎన్ని ఉండేవో మేం నిరూపించలేం. ఆ కాగితం లేకపోవడానికి కారణం మేమే గనుక ఆ బాధ నాకు ఎక్కువ.

2021 నవంబరులో వరదలు వచ్చి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు తిరుపతి అంతా చెరువుల గురించే మాట్లాడింది. నీళ్లు తగ్గాక ఆ మాటలూ తగ్గాయి. చెరువు మనకు ప్రమాదంగానో, ప్లాట్ల కింద పనికొచ్చే నేలగానో మాత్రమే గుర్తుకు వస్తోంది. దానికి ప్రతి వారం ఒక మనిషి పుస్తకంతో వస్తున్నాడంటే, ఆ నేల మీద కన్నేసినవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు.

మంగళవారం ప్రసంగాలు, బుధవారం బొమ్మల పోటీ. బొమ్మలు చక్కగా ఉన్నాయి. ఎక్కువమంది ఫ్లెమింగోలను, నెమళ్లను గీశారు. ప్రసంగాల్లో ఒక లోటు మాత్రం చెప్పాలి. రెండు గంటల్లో తెరమీద చూపిన యాభైకి పైగా పక్షుల్లో ఒక్కదానికీ తెలుగు పేరు వినిపించలేదు. చివర్లో ఒక బాబు లేచి, మా తాత దీన్ని బుడుబుంగ అంటాడు, అది తప్పా అని అడిగాడు. తెర మీద ఉన్నది మునుగుడు కోడి. తప్పు కాదని, ఆ పేరు కూడా నీ జాబితాలో రాసుకోమని చెప్పాను. నీటి మీద కనిపించి బుడుంగున మునిగిపోయే పిట్టకు అంతకంటే మంచి పేరు ఎవరు పెట్టగలరు?

పేర్ల సంగతి ఇష్టాయిష్టాల విషయం మాత్రమే కాదు. 1840లలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్, తాను వర్ణించిన పక్షులకు స్థానికులు చెప్పే తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా రాసుకున్నాడు. శనివారం మాకు దొరకని పసుపు గొంతు పిగిలిపిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. పొరుగున కడప జిల్లాలోని కలివి కోడినీ మొదట కనుగొన్నది ఆయనే; 1848లో దాన్ని వర్ణించింది పక్షి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించక, అంతరించిందని అందరూ నమ్మారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు అది మళ్లీ దొరికింది. పట్టి తెచ్చింది మాత్రం ఆ పక్షి బొమ్మను చూసి గుర్తుపట్టిన స్థానికుడు, రాత్రివేళ టార్చి వెలుతురులో. పగలు కలివి పొదల్లో దాక్కొని రాత్రి తిరిగే పక్షి అని దాని పేరులోనే సగం ఉంది. శాస్త్రవేత్తలకు 86 ఏళ్లుగా లేని పక్షి ఆ పొదల వెంట తిరిగే మనుషులకు ఉంది. అవ్వ లాంటివాళ్లను, తూము తీసి మూసే నీరుగంటిని, చేపల గుత్తకు తీసుకున్న కుటుంబాన్ని మన నడకలకు అతిథులుగా పిలిచి శాలువా కప్పడం చాలదు. వాళ్లు చెప్పినది జాబితాలోకి ఎక్కాలి, ఎవరు చెప్పారో ఆ పేరుతో.

గురువారం ముగ్గురమే వెళ్లాం, కట్ట దిగలేదు. తొమ్మిదిన్నర దాటాక ఎండ చురుక్కుమంటోంది. గుడ్ల మీద ఉన్న తీతువు లేచి, పరుగులాంటి నడకతో నీటి అంచుకు వెళ్లి, కడుపు తడిసేలా నీళ్లలో కూర్చొని, రెండు మూడు సార్లు ఊగి, మళ్లీ అదే దారిలో తిరిగి వచ్చి గుడ్ల మీద జాగ్రత్తగా వాలింది. గుడ్లు చల్లబడటానికి కడుపు ఈకలతో నీళ్లు మోసుకు వస్తుందని చదివాను గాని చూడటం అదే మొదటిసారి. మేం ఉన్న గంటా పావులో అలా నాలుగుసార్లు వెళ్లి వచ్చింది. సోమవారం మేం నిలబడిన ఇరవై నిమిషాల్లో అది పోగొట్టుకున్నది ఏమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మా బృందానికి నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. వచ్చే ఏడాది పక్షుల వారంలో పులికాట్ ప్రయాణం ఒకటి ఉండనివ్వండి. మిగిలిన రోజుల్లో తలా ఒక చెరువు, ఐదారుగురికి మించకుండా, కట్ట మీద నుంచే. ఆ చెరువుకే వారానికి ఒకసారి, ఏడాది పాటు, అరగంట పాటు వెళ్లి పూర్తి జాబితా రాస్తామని పేరు ఇచ్చినవాళ్లకే ఆ వారాన్ని ప్రారంభంగా భావిద్దాం. విసుగు పుడుతుందని ఒక మిత్రుడు అన్నాడు, కాకులను ఎన్నిసార్లు లెక్కపెడతామని. మొదటి రెండు వారాలు నాకూ విసుగు పుట్టింది. మూడో వారానికి ఆ కాకుల్లో కొన్ని సాయంత్రం ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతున్నాయని గమనించాను; ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవాలని ఇప్పుడు మనసు పీకుతోంది.

నిన్న మార్చి పదిహేనో తేదీ. ఉదయం ఆరూ నలభైకి కట్ట ఎక్కాను. మెట్ట మీది గుంట ఖాళీగా ఉంది, పెంకు ముక్క కూడా లేదు. పిల్లలు గుడ్డు పగిలి బయటికి వచ్చిన కొద్ది గంటలకే లేచి నడుస్తాయనీ, పెంకులను తల్లి దూరంగా తీసుకుపోతుందనీ తెలిసినా గుండె కాస్త బరువెక్కింది. అవ్వ మేకలతో వచ్చి, తుంగ వైపు చూడమంది. తల్లి తల ఎత్తి నిలబడి ఉంది, తండ్రి కాస్త ఎడంగా. వాటి మధ్య, బొటనవేలంత కాళ్ల మీద మట్టిరంగు దూదిపింజల్లాంటివి రెండు, తల్లి ఒక్క కూత కూయగానే నేలకు కరుచుకుపోయి కనిపించకుండా పోయాయి, మళ్లీ ఇంకో కూతకు లేచి నడిచాయి. నిన్న నలభై నిమిషాల జాబితాలో కాకి 31, గోరువంక 18, నామాల కోడి 22, తీతువు 4 అని రాశాను. పాలపిట్ట నిన్నా కనిపించలేదు. ఈ చెరువు దగ్గర అది లేకుండా రాసిన ఐదో జాబితా ఇది.